ఒక్క రోజు వినోదానికి 22,000 రూపాయలు: థీమ్ పార్కు టిక్కెట్టు ఇంకా ఆ ధర చేస్తుందా?

సీతమ్మధార తల్లి:

దసరా సెలవులకు పిల్లల్ని భువనేశ్వర్ దగ్గరి వండర్‌లాకు తీసుకెళ్లాలా వద్దా అని మా ఇంట్లో రెండు వారాలుగా వాదన నడుస్తోంది. మావారిది వద్దనే మాట, పిల్లలది వెళ్లాలనే పట్టుదల, నాకేమో ఎటూ తేలడం లేదు. అందుకే మీ అందరి ముందూ పెడుతున్నాను.

విశాఖలో అంత పెద్ద పార్కు లేదు కాబట్టి మనకు టిక్కెట్టు ఖర్చుతో పాటు ప్రయాణం ఖర్చు కూడా తప్పదు. గత వేసవిలో, ఒక ఆదివారం నాడు, హైదరాబాదు శివార్లలోని ఒక పార్కుకు వెళ్లాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పిల్లల టిక్కెట్టుకు పెట్టిన ఎత్తు దాటిపోయింది కనుక పెద్దల టిక్కెట్లు నాలుగు, ఒక్కొక్కటి 1,600 రూపాయలు; నాలుగో తరగతి చదివే బాబుకు 1,300. లోపలికి అడుగు పెట్టేసరికే 7,700 రూపాయలు అయ్యాయి. రైలు, గది, క్యాబు, లోపల భోజనం, లాకరు, ఈత దుస్తులు అన్నీ కలుపుకుంటే 22,000 దాటింది. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి, మా అత్తగారు కట్టి తెచ్చిన పులిహోర సంచి గేటు దగ్గరే ఉండిపోయింది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ ఒక్క రైడు కూడా ఎక్కలేదు. 1,600 రూపాయల టిక్కెట్టుతో రోజంతా చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు.

ఇదే పార్కుకు 2018లో వెళ్లినప్పుడు టిక్కెట్టు ఇందులో దాదాపు సగం ఉండేది. ఆ రోజు నేనూ మావారూ పద్నాలుగు రైడ్లు ఎక్కాం. గత వేసవిలో ఎక్కగలిగినవి అయిదు. ధర రెట్టింపైందన్న బాధ కంటే, దానికి దక్కినది మూడో వంతుకు పడిపోయిందన్న బాధే నాకు ఎక్కువ. అయినా పెద్ద రోలర్ కోస్టరు దిగి వచ్చినప్పుడు మా అమ్మాయి ముఖం చూసినదాన్ని నేను. ఆ ఆనందానికి వెల కట్టలేనని కూడా నిజాయతీగా చెప్పుకోవాలి. అందుకే అడుగుతున్నాను: ఈ ఖర్చు ఇంకా పెట్టదగినదేనా?

ఉక్కునగరం విశ్రాంత ఇంజినీరు:

అమ్మా, పెట్టదగినదే అంటాను. ఉక్కు కర్మాగారంలో మూడు దశాబ్దాలు క్రేన్ల నిర్వహణ చూసినవాడిని కాబట్టి, మనిషిని గాలిలో తలకిందులుగా తిప్పే యంత్రాన్ని చూస్తే నా దృష్టి ముందు దాని అతుకుల మీదకే పోతుంది. ప్రతి ఉదయం గేటు తెరవక ముందే ఖాళీ బోగీలతో తిప్పి చూడాలి. భుజాల మీదకు దిగే కడ్డీల లాకులు ఒక్కొక్కటీ లాగి చూడాలి. బేరింగులు, హైడ్రాలిక్ గొట్టాలు, బోల్టుల బిగువు చూడాలి. నిర్ణీత కాలానికి ఒకసారి వెల్డింగ్ అతుకులకు అల్ట్రాసోనిక్ పరీక్ష చేసి, కంటికి కనిపించని పగుళ్లను పట్టుకోవాలి. ఇక నీటి పార్కులో రోజంతా వడపోత, క్లోరిన్ కొలతలు, కొలను గట్టున ప్రాణరక్షకులు ఉండాలి. ఈ పనికి జీతాలు, కరెంటు, విడి భాగాలు, బీమా అన్నీ ఏటా పెరిగేవే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల మైదానంలో పెట్టే ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్ టిక్కెట్టు చవకే. నేనూ మనవలతో వెళ్తాను. కానీ ఆ చక్రాన్ని నెలకో ఊళ్లో విప్పి, లారీకెక్కించి, మరో ఊళ్లో బిగిస్తారు. దాని పిన్నులు ఎవరు చూస్తారో, ఎప్పుడు మారుస్తారో మనం అడగం. చవక ధరలో ఏది తగ్గిందో మన కంటికి కనిపించదు. అందువల్ల పెద్ద పార్కు తీసుకునే డబ్బులో మంచి భాగం భద్రతకే పోతుందని నమ్మి, ఆ డబ్బును నేను బాధ పడకుండా ఇస్తాను.

ద్వారకానగర్ గణకుడు:

ఇంజినీరు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట. నిర్వహణ ఖర్చు నిజమే గాని, టిక్కెట్టు ధరను నిర్ణయించేది అది ఒక్కటే కాదు. జనం ఎంత వరకు ఇవ్వగలరో అన్న అంచనా కూడా.

ఈ వ్యాపారానికి మూలపురుషుడైన డిస్నీనే చూడండి. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పెద్దలకు ప్రవేశ రుసుము 1 డాలరు, రైడ్లకు విడిగా టిక్కెట్లు. ఎక్కిన వాటికే డబ్బు కట్టేవారు కాబట్టి, సీతమ్మధార వారి అత్తగారి వంటి వారికి అది న్యాయమైన పద్ధతి. 1982లో విడి టిక్కెట్లు ఎత్తేసి, ఒకే టిక్కెట్టుతో అన్నీ ఎక్కే విధానం తెచ్చారు. ఇక ఫ్లోరిడాలో 1971లో తెరిచిన పార్కు ప్రవేశ రుసుము 3 డాలర్ల 50 సెంట్లు. అమెరికా ద్రవ్యోల్బణాన్ని కలిపి చూసినా అది నేటి 28 డాలర్లకు అటూ ఇటూగా తేలుతుంది. అప్పుడు రైడ్లకు విడిగా కట్టాలి కాబట్టి పోలిక పూర్తిగా సరితూగదు గాని, అక్కడ రద్దీ రోజుల్లో ఒక్క రోజు టిక్కెట్టు దాదాపు 200 డాలర్లకు చేరిందంటే, ఆ తేడా అంతా బోల్టులు బిగించడానికే పోయిందని నేను నమ్మలేను.

మన దగ్గరా దారి అదే. వండర్‌లా స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ కాబట్టి లెక్కలు అందరికీ అందుబాటులో ఉంటాయి. 2022–23లో దాని పార్కులకు దాదాపు 33 లక్షల మంది వస్తే ఆదాయం దాదాపు 429 కోట్లు. మరుసటి ఏడాది సందర్శకులు కొంచెం తగ్గారు, ఆదాయం మాత్రం 483 కోట్ల వరకూ పెరిగింది. ఇది తప్పని నేను అనడం లేదు. ముంబయిలో 1989 నుంచి నడిచిన ఎస్సెల్ వరల్డ్ 2022లో మూతపడింది. లాభం లేని పార్కు ఎక్కువ కాలం నిలవదు. పన్ను సంగతి కూడా మరవకూడదు. జీఎస్టీ మొదలైన 2017లో ఈ టిక్కెట్ల మీద 28 శాతం ఉండేది, 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. 18 శాతం లెక్కన, పన్నుతో కలిపి 1,600 రూపాయలున్న టిక్కెట్టులో సుమారు 244 రూపాయలు పన్నే.

నా సలహా ఒక్కటే. సెలవు రోజున వెళ్లకండి. పని దినాన టిక్కెట్టు తక్కువ, క్యూ కూడా తక్కువ.

మద్దిలపాలెం వాసి:

పని దినాన వెళ్లమని చెప్పడం తేలికే గాని, నాలాంటి ప్రైవేటు ఉద్యోగికి దొరికేది ఆదివారం ఒక్కటే. గత ఏడాది నేను మామూలు టిక్కెట్టుకు బదులు, పొడవాటి క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్టు తీసుకున్నాను. డబ్బు దాదాపు రెట్టింపైంది, కాని సాయంత్రానికి అన్ని పెద్ద రైడ్లూ ఎక్కాను, కొన్ని రెండుసార్లు కూడా. సమయం లేనివాడు డబ్బుతో సమయం కొనుక్కుంటే అందులో ఎవరికీ అన్యాయం జరగదని నా అభిప్రాయం. సీతమ్మధార వారు కూడా వెళితే అదే కొనాలి.

గోపాలపట్నం లెక్కల మాస్టారు:

మద్దిలపాలెం మిత్రునితో ఇక్కడే విభేదిస్తాను, ఎందుకంటే ఈ చర్చకు కీలకం అదేనని నా నమ్మకం.

ఒక రైడుకు 24 సీట్లు ఉన్నాయనుకుందాం. ఎక్కడం, తిరగడం, దిగడం కలిపి మూడు నిమిషాలు. గంటకు 20 విడతలు, అంటే 480 మంది. మీ ముందు 300 మంది ఉంటే 38 నిమిషాల్లోపు మీ వంతు వస్తుంది. ఇప్పుడు ఫాస్ట్‌ట్రాక్ వారికి సగం సీట్లు కేటాయించారనుకోండి. మామూలు క్యూకు గంటకు 240 సీట్లే మిగులుతాయి. అదే 300 మంది వెనక నిలబడితే 75 నిమిషాలు పడుతుంది. టిక్కెట్టు మీద ఒక్క రూపాయి పెంచకుండానే దాని విలువ సగమైంది. సీతమ్మధార వారి పద్నాలుగు రైడ్లు అయిదు కావడంలో దీని పాత్ర ఎంతో నేను చెప్పలేను గాని, లేదని మాత్రం అనుకోను.

మద్దిలపాలెం వాసి:

మాస్టారూ, మీ లెక్కలో ఒక లోపం ఉంది. ఫాస్ట్‌ట్రాక్ లేకపోతే మేం కూడా ఆ మామూలు క్యూలోనే ఉండేవాళ్లం కదా. అప్పుడు మీ ముందున్నవారు 300 కాదు, ఇంకా ఎక్కువ. మొత్తం సీట్లూ మారలేదు, మొత్తం మనుషులూ మారలేదు.

గోపాలపట్నం లెక్కల మాస్టారు:

మీరు చెప్పింది సరైనదే, ఒప్పుకుంటున్నాను. అందరి నిరీక్షణనూ కలిపి చూస్తే పెద్దగా మారదు. కొందరి భుజాల మీద నుంచి తీసి మరికొందరి భుజాల మీద పెట్టినట్టు అవుతుంది. అయితే ఆ మార్పు కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, అమ్మేవారి మనసులో వచ్చే మార్పు. మామూలు క్యూ పది నిమిషాల్లో కదిలిపోతే ఫాస్ట్‌ట్రాక్‌ను ఎవరు కొంటారు? క్యూ ఎంత పొడవుగా ఉంటే ఆ రెండో టిక్కెట్టుకు అంత గిరాకీ. ఒక బోగీ ఎక్కువ తిప్పి, ఒక మనిషిని ఎక్కువ పెట్టి క్యూ తగ్గించాల్సిన యాజమాన్యానికి, క్యూ తగ్గకపోవడమే లాభమైన స్థితి వచ్చింది. డిస్నీ పార్కులే 1999 నుంచి క్యూ తప్పించే చీటీని టిక్కెట్టు ఉన్న ప్రతివారికీ ఉచితంగా ఇచ్చేవి. 2021లో దాన్ని తీసేసి, డబ్బు కట్టినవారికి ఇచ్చే పద్ధతి తెచ్చాయి. ఉచితంగా నడవని పద్ధతేమీ కాదు మరి.

కాబట్టి నేను అడిగేది ధర తగ్గించమని కాదు. ఏ రైడుకు ఇప్పుడు ఎన్ని నిమిషాలు నిలబడాలో టిక్కెట్టు కౌంటరు దగ్గర, డబ్బు కట్టక ముందే, పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ఆ రోజు ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్లు ఎన్ని అమ్మారో కూడా రాయాలి. సరుకు తూకం చూపించకుండా అమ్మితే కొట్టువాడిని నిలదీస్తాం. ఇక్కడ కొంటున్న సరుకు సమయమే కదా.

ఇంకో సంగతి. నేను పాఠశాలలో పనిచేసేవాడిని కాబట్టి విహారయాత్ర సర్క్యులరు ఇంటికి వెళ్లిన మర్నాడు పిల్లల ముఖాలు చూస్తుంటాను. ఒకప్పుడు యాత్ర అంటే అరకు, బొర్రా గుహలు, కుర్సురా జలాంతర్గామి. ఇప్పుడు పక్క రాష్ట్రపు పార్కు, తలకు నాలుగైదు వేలు. తరగతిలో పది మంది వెళ్లలేరు. వెళ్లి వచ్చిన వారి కబుర్లు వారం పాటు సాగుతుంటే, ఆ పది మంది కిటికీ వైపు చూస్తూ కూర్చుంటారు. ధర పెరిగిన కొద్దీ ఆ పది పదిహేనవుతుందన్నదే నా దిగులు.

పెదవాల్తేరు పౌరుడు:

అందుకే ప్రభుత్వం జోక్యం చేసుకోవాలి. 2021లో మన రాష్ట్రంలో సినిమా టిక్కెట్ల ధరలను ప్రభుత్వమే జీవో ఇచ్చి నిర్ణయించింది. విశాఖ తీరంలో డబుల్ డెక్కర్ బస్సు ప్రారంభించినప్పుడు 500 రూపాయల టిక్కెట్టును 250 చేశారు. పార్కులకు మాత్రం ఎందుకు చేయరు? అసలు కైలాసగిరి, రామకృష్ణా బీచ్ ఉండగా ఊరు దాటి వెళ్లడమెందుకో నాకు అర్థం కాదు.

ద్వారకానగర్ గణకుడు:

ఆ జీవో మీద ఎంత రగడ జరిగిందో, 2022 మార్చిలో కొత్త జీవోతో ధరలను ఎలా సవరించాల్సి వచ్చిందో గుర్తుంది కదా. బస్సు విషయంలో తగ్గించిన సగం ప్రభుత్వ ఖజానా భరించేది. ప్రైవేటు పార్కుకు అలా భరించమని అడగలేం. పైగా ఆ పార్కులు పొరుగు రాష్ట్రాల్లో ఉన్నాయి, మన జీవో అక్కడ చెల్లదు. మాస్టారు కోరిన నిరీక్షణ సమయాల బోర్డు మాత్రం ఖజానా మీద రూపాయి భారం లేకుండా జరగదగిన పని.

ఉక్కునగరం విశ్రాంత ఇంజినీరు:

మాస్టారి మాటకు ఒకటి చేర్చుతాను. పిడుగులు, ఈదురుగాలులు వస్తే ఎత్తయిన రైడ్లు ఆపాల్సిందే, అందులో రాజీ పడకూడదు. కానీ మరమ్మతుకు ముందుగానే ఆపిన రైడ్ల జాబితా కూడా ఆ బోర్డు మీదే ఉండాలి. లోపలికి వెళ్లాక తాళ్లు కట్టిన రైడు ముందు నిలబెట్టడం భద్రత కిందకు రాదు. ధర న్యాయమైనదే అన్న నా మొదటి మాటకు ఈ షరతు చేరుస్తున్నాను.

సీతమ్మధార తల్లి:

అందరికీ నమస్కారాలు. మీరు రాసినదంతా నిన్న రాత్రి మావారికి చదివి వినిపించాను. పెదవాల్తేరు వారికి ఒక్క మాట: కైలాసగిరికి మేం నెలకోసారి వెళ్తాం, పిల్లలకు అదంటే ప్రాణం. కాని మా అమ్మాయి అడుగుతున్నది కొండ కాదు, రోలర్ కోస్టరు. ఒకదాన్ని చూపించి మరొకదాన్ని మరచిపొమ్మనలేను.

దసరా సెలవుల్లో వెళ్లడం మానుకున్నాం. సెలవులు అయ్యాక ఒక మంగళవారం వెళ్తాం. ముందు రోజు మధ్యాహ్నం విశాఖలో వందే భారత్ ఎక్కితే ఆరు గంటల లోపు ప్రయాణంతోనే భువనేశ్వర్. అది ఖుర్దా రోడ్డులో కూడా ఆగుతుందని మావారు చూశారు, అక్కడి నుంచి పార్కు దగ్గరేనట. అత్తయ్యగారు ఈసారి రానని తామే చెప్పారు. ఆ 1,600తో విజయనగరంలోని తన చెల్లెలి ఇంటికి వెళ్లి వస్తానన్నారు. ఫాస్ట్‌ట్రాక్ కొనం. పదికి తక్కువ రైడ్లు దక్కితే మాత్రం ఇక రెండేళ్ల వరకు వెళ్లకూడదని పిల్లలతో సహా అందరం ఒప్పుకున్నాం. మిగిలిన ఇబ్బంది ఒక్కటే. పిల్లలు రెండు రోజులు బడి మానాలి, సెలవు చీటీలో ఏమని రాయాలో తెలియడం లేదు.

గోపాలపట్నం లెక్కల మాస్టారు:

అమ్మా, ఉన్నదే రాయండి. ఇరవై ఏళ్లుగా జ్వరమని రాసిన చీటీలు చదువుతున్నాను. కుటుంబంతో పార్కుకు వెళ్తున్నామని రాసిన చీటీ నా దగ్గరకు వస్తే సంతకం పెట్టి పంపిస్తాను. మీ అమ్మాయిని మాత్రం చేతి గడియారం పెట్టుకుని వెళ్లమనండి. ప్రతి క్యూలో ఎన్ని నిమిషాలు నిలబడ్డారో ఒక కాగితం మీద రాసుకుని వస్తే, తిరిగి వచ్చాక ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. దాంతో మంగళవారానికీ ఆదివారానికీ తేడా ఎంతో మా తరగతి పిల్లలతో లెక్క కట్టిస్తాను.