జూన్ గూటిపడవ యాత్ర: లైసెన్సులు, రేవులు, లాకుల లెక్క

యాత్రా సమన్వయకర్త

కార్యవర్గ సభ్యులకూ, సేవకులుగా పేర్లు ఇచ్చిన వారందరికీ నమస్కారం. మన సంఘం ఈ ఏటి విహారయాత్రను బస్సులో కాకుండా ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద, వీలైతే కొంత దూరం థేమ్స్ నది మీద జరపాలని పోయిన సమావేశంలో అనుకున్నాం. ఇక్కడివారు నారోబోట్ అని పిలిచే పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే ఉంటుంది, పొడవు మాత్రం 70 అడుగుల దాకా పోవచ్చు. కోనసీమ కాలువల్లో ధాన్యం, కొబ్బరికాయలు మోసిన గూటిపడవలను ఎరిగిన పెద్దలకు ఈ వాటం కొత్తగా తోచదు కనుక ఇకపై దీన్ని గూటిపడవ అనే రాస్తాను. నీటి మట్టం మారేచోట పడవను ఎక్కించి దింపే గేట్ల తొట్టికి లాకు అన్న మాట ఎలాగూ మన డెల్టా ఊళ్లలో తరతరాలుగా ఉన్నదే.

నా ప్రతిపాదన ఇది. జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం ఉదయం వరకు రెండు పడవలు అద్దెకు తీసుకుందాం. ఒక్కొక్క పడవలో ఎనిమిది మంది చొప్పున పదహారు మంది రాత్రులు పడవలోనే ఉంటారు. శనివారం థ్రప్ గ్రామం నుంచి దక్షిణానికి బయలుదేరి రౌండమ్, కిడ్లింగ్టన్ గ్రీన్, డ్యూక్స్ లాకులు దాటి, డ్యూక్స్ కట్ అనే చిన్న పాయ, దానిలోని లాకు గుండా థేమ్స్‌లోకి దిగి, కింగ్స్ లాకు, గాడ్‌స్టో లాకు మీదుగా పోర్ట్ మెడో పచ్చిక మైదానం పక్కనుంచి ఆక్స్‌ఫర్డ్ చేరి, షీప్‌వాష్ పాయలోకి తిరిగి ఐసిస్ లాకు ద్వారా మళ్లీ కాలువలోకి ఎక్కుతాం. ఆదివారం వూల్వర్‌కోట్ లాకు మీదుగా థ్రప్‌కు తిరిగి వచ్చి, కార్లలో వచ్చే మిగతా కుటుంబాలతో కలిసి మధ్యాహ్న భోజనం చేస్తాం. ఈ చుట్టు కుదరడానికి కారణం 1789లో మార్ల్‌బరో డ్యూకు తన భూమిలో తవ్వించిన ఆ పాయే. అది లేకపోతే ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి అదే దారిన వెనక్కి రావాలి.

దూరం చూసి ఇది చాలా తక్కువని ఎవరూ అనుకోవద్దని మనవి. శనివారం ప్రయాణం ఎనిమిది మైళ్ల లోపే. కానీ కాలువ మీద వేగ పరిమితి గంటకు 4 మైళ్లు, గట్టున కట్టి ఉన్న పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు అంతకంటే బాగా తగ్గించాలి. అందుకే ఇక్కడి రోజును మైళ్లతో కాక లాకులతో కొలవాలి. ఈ కాలువ లాకుల వెడల్పు 7 అడుగులే కనుక ఒకసారికి ఒక్క పడవే పడుతుంది. మొదటి పడవ కిందికి దిగి వెళ్లాక, ఖాళీ అయిన లాకును రెండో పడవ కోసం మళ్లీ నింపాలి. ఒక పడవకు పావుగంట అనుకున్నా రెండింటికీ కలిపి అరగంట దాటుతుంది. ఆ రోజు ఇరుకు లాకులు ఐదు, నది లాకులు రెండు. నది లాకుల్లో రెండు పడవలూ కలిసి పడతాయి. మొత్తం ఆరు గంటల ప్రయాణం, మనవారికి అలవాటు లేదు కనుక ఏడని వేసుకుందాం.

కోశాధికారి

సమన్వయకర్త గారికి కృతజ్ఞతలు. నా వైపు నుంచి లైసెన్సుల సంగతి చెప్పి, ఒక విషయంలో అందరి సమ్మతి కోరుతున్నాను.

మన సభ్యులు ఒకరు తమ సొంత గూటిపడవను ఉచితంగా ఇస్తామన్నారు. వారి మంచి మనసుకు సంఘం రుణపడి ఉంటుంది, అయినా ఆ సహాయాన్ని మనం స్వీకరించకూడదని నా అభిప్రాయం. మనం యాత్రకు తలకు ఇంత అని రుసుము వసూలు చేస్తున్నాం. ఆయన లైసెన్సు, బీమా సొంత వాడకానికి ఇచ్చినవి. రుసుము చెల్లించినవారు ఆ పడవ ఎక్కితే అది సొంత వాడకమా, వ్యాపారమా అన్న ప్రశ్న వస్తుంది, ఏదైనా జరిగినప్పుడు దాని భారం మొత్తం ఆయన మీద పడుతుంది. సాయం చేయబోయిన మనిషిని ఆ స్థితిలో నిలబెట్టడం న్యాయం కాదు.

అద్దె పడవ నడపడానికి మనలో ఎవరికీ వ్యక్తిగత లైసెన్సు అక్కరలేదు. ఇక్కడి కాలువల మీద లైసెన్సు పడవకే గాని మనిషికి కాదు. ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూసుకుంటోంది, ఆక్స్‌ఫర్డ్ కాలువ వారి కిందిదే. పడవకు లైసెన్సు కావాలంటే బీమా, భద్రతా ధ్రువపత్రం రెండూ చెల్లుబాటులో ఉండాలి. అద్దె పడవల విషయంలో ఇవన్నీ అద్దెకు ఇచ్చేవారే చూసుకుంటారు. అయితే థేమ్స్ ఆ ట్రస్టుది కాదు. అక్కడ అధికారం ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీది, అక్కడికి వేరే నమోదు ఉండాలి. రెండు జలాలకూ చెల్లే గోల్డ్ లైసెన్సు ఒకటి ఉంది గాని ప్రతి అద్దె పడవకూ అది ఉంటుందని అనుకోలేం. కాబట్టి అడ్వాన్సు కట్టే ముందే మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకుంటాను: పడవను థేమ్స్ మీదికి తీసుకెళ్లడానికి ఒప్పందం అనుమతిస్తుందా, నది నమోదు అద్దెలో కలిసి ఉందా లేక మనం కొన్ని రోజులకు విడిగా కొనాలా, నది ప్రవాహం వల్ల వెళ్లలేకపోతే కొన్న నమోదు సొమ్ము ఏమవుతుంది.

మరొక మాట. పన్నెండు మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే పడవకు పూర్తిగా వేరే ధ్రువీకరణ, అర్హత గల సరంగు ఉండాలి. మనం తీసుకునే పడవలకు ఒప్పందంలో రాసిన సంఖ్యే హద్దు. ఆదివారం భోజనానికి వచ్చిన కుటుంబాల పిల్లలు కాస్త దూరం తిరిగొస్తామని ముచ్చటపడితే, వారెంత మంది ఎక్కుతారో మనలో అంతమంది దిగిన తరువాతే వారిని ఎక్కించాలి.

సాంస్కృతిక కార్యదర్శి

జూన్ కంటే కార్తీకంలో పెట్టుకుంటే వనభోజనాలు, దీపాలు రెండూ కలిసివస్తాయని నా కోరిక. నదీస్నానం ఇక్కడ కుదరకపోయినా, నీటిలో దీపం వదలడం మన పిల్లలు ఒక్కసారైనా చూడాలి. మా అమ్మగారు ప్రతి ఏడాదీ పుష్కర ఘాట్‌లో అరటి దొప్పలో దీపం వదిలేవారు. ఆ దృశ్యం ఇక్కడి పిల్లలకు మాటల్లో చెబితే అందదు. ఆలోచించగలరు.

యాత్రా సమన్వయకర్త

మీ కోరిక వెనుక ఉన్న తపన నాకు తెలుసు, అందుకే రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. కార్తీకం అక్టోబరు, నవంబరులలో వస్తుంది. నవంబరు నుంచి మార్చి వరకు ట్రస్టువారు లాకులను వరుసగా ఖాళీ చేసి గేట్లు మార్చే పనులు పెట్టుకుంటారు, అప్పుడు దారి మధ్యలో మూసి ఉండవచ్చు. నవంబరులో సాయంత్రం నాలుగు దాటితే చీకటి పడుతుంది. అద్దె పడవను చీకట్లో నడపనివ్వరు. జూన్‌లో తొమ్మిది దాటేవరకూ వెలుగు ఉంటుంది కనుక ఎక్కడైనా ఆలస్యమైతే తొందరపడకుండా రేవు వెతుక్కోవచ్చు. వానలు పడ్డాక నది పొంగే అవకాశమూ శరదృతువు చివర ఎక్కువ.

దీపాలను నీటిలో వదలడం మాత్రం ఏ నెలలోనైనా వద్దు. కాలువలో నీటి కదలిక చాలా తక్కువ, దొప్ప ఎక్కడికీ కొట్టుకుపోదు. పక్కనే జనం కాపురముండే పడవలు కట్టి ఉంటాయి, వాటిలో గ్యాసు సిలిండర్లు, డీజిలు ఉంటాయి. ఆదివారం థ్రప్‌లో ఒక పళ్లెంలో నీళ్లు పోసి అందులో దీపాలు వెలిగిద్దాం. కార్తీక వనభోజనాలను ఎప్పటిలాగే హాలులో జరుపుకుందాం.

భద్రతా బాధ్యుడు

మా నాన్నగారు దేవీపట్నం వైపువారు. ఈ యాత్రకు వారినీ రమ్మంటే మొదట అడిగిన మాట, లైఫ్ జాకెట్లు ఉంటాయా అని. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్తున్న పడవ మునిగిన సంగతి మనలో ఎవరికీ కొత్త కాదు. కాలువ నీరు చాలాచోట్ల నడుము లోతే గనుక అంత భయం అక్కరలేదని చెప్పవచ్చు. నేను అలా చెప్పను. నది మీద ఉన్నంతసేపూ పదహారు మందీ జాకెట్లు తొడుక్కోవాలి. పిల్లలు, ఈత రానివారు కాలువ మీద కూడా వాటిని విప్పరాదు. కొలతలు ముందే పంపితే పడవవారు సరైనవి సిద్ధం చేస్తారు, కాబట్టి పేరుతో పాటు బరువు కూడా రాయండి.

లాకులో ప్రమాదం ఎక్కువగా కిందికి దిగేటప్పుడే. పై గేటు కింద లోపలికి పొడుచుకు వచ్చిన రాతి గడప ఒకటి ఉంటుంది. నీరు దిగుతుండగా పడవ వెనుక భాగం ఆ గడప మీద చిక్కుకుంటే ముందు భాగం కిందికి పోయి కొద్ది క్షణాల్లో పడవ నీటితో నిండిపోతుంది. గడప ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్లని గీత చెబుతుంది. సరంగు పడవ వెనుక భాగాన్ని ఆ గీత దాటి ముందుకే ఉంచాలి, గట్టు మీద ఒకరు దాని మీద నుంచి చూపు తిప్పకూడదు. నీరు వదిలే షట్టర్లను ఎత్తే ఇనుప హ్యాండిల్ పట్టుకున్నవారు సరంగు చేయి ఎత్తేదాకా పళ్లచక్రాన్ని ఒక్క పన్ను కూడా తిప్పరాదు. ఆగమని ఎవరు అరిచినా, పిల్లవాడు అరిచినా, షట్టర్లు వెంటనే దించాలి, కారణం తరువాత అడగవచ్చు. పడవను తాళ్లతో లాకులో గట్టిగా బిగించి కట్టకూడదు. నీరు దిగితే పడవ తాడుకు వేలాడుతుంది.

చుక్కాని పిడిని ఎటు నెడితే పడవ ముక్కు దానికి ఎదురు వైపు తిరుగుతుంది, అదీ కొంత ఆలస్యంగా. పడవ తన నడుము దగ్గర తిరుగుతుంది కనుక వెనుక భాగం పక్కకు జరిగి గట్టును తాకుతుంది. పడవకు ఇద్దరు చొప్పున నలుగురే సరంగులు ఉండాలని, శుక్రవారం పడవవారు నేర్పేటప్పుడు ఆ నలుగురూ తప్పక అక్కడ ఉండాలని కోరుతున్నాను. ఎదురు పడవ వచ్చినప్పుడు మనం కుడివైపు తప్పుకోవాలి. కారు నడిపే అలవాటుతో ఎడమకు వెళ్తే గుద్దుకుంటాం.

థేమ్స్ లాకుల దగ్గర బోర్డులు పెడతారు. పసుపు బోర్డు ప్రవాహం పెరుగుతోందనో తగ్గుతోందనో హెచ్చరిస్తుంది, ఎర్ర బోర్డు ప్రవాహం బలంగా ఉందని. ఎర్రదానికి ఎలాగూ ఎవరూ వెళ్లరు. పసుపు బోర్డు ఉన్నా మనం నది మీదికి దిగకూడదని, దీనిపై ఆ ఉదయం చర్చ పెట్టకూడదని ఇప్పుడే తీర్మానిద్దాం. గట్టున అందరూ ఉత్సాహంగా నిలబడి ఉన్నప్పుడు వద్దని చెప్పడం ఒక్క మనిషికి కష్టం.

భోజన బాధ్యురాలు

పడవలో వంటగది ఇరుకు, గ్యాసు పొయ్యి, కిటికీలు చిన్నవి. నూనె మూకుడు పెట్టి గారెలు వేసే పని వద్దు. పులిహోర, చపాతీలు, పప్పు, పచ్చళ్లు ఇంటి నుంచే తెస్తాం. పడవలో టీ, ఉప్మా మాత్రమే. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ఎక్కగానే నొక్కి చూడాలి. మంచినీళ్ల ట్యాంకు ప్రతి రోజూ నింపాలి, నీళ్ల కుళాయిల తాళం చెవి ఎవరి దగ్గర ఉందో రెండు పడవల్లోనూ చెప్పండి.

యాత్రా సమన్వయకర్త

అందరి మాటలూ చూశాక రేవుల సంగతి తేల్చి నిర్ణయాలు రాస్తున్నాను. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే, ఎందుకంటే లాకు ఆలస్యమైతే గంట పోతుంది, రేవు దొరకకపోతే అలసిన ముసలివాళ్లతో వెలుగు తగ్గుతున్న వేళ ఇంకా ముందుకు పోవాల్సి వస్తుంది.

కాలువ గట్టు దారి వైపున, వేరే బోర్డు లేనిచోట, 14 రోజుల వరకు పడవను ఉచితంగా కట్టుకోవచ్చు. ఊళ్ల దగ్గర సందర్శకుల రేవుల్లో గడువు 24 గంటలో, 48 గంటలో బోర్డు మీద ఉంటుంది. లాకు నోటి దగ్గర, వంతెన కింద, మలుపులో, నీళ్ల కుళాయి దగ్గర, పడవలు వెనక్కి తిప్పుకునే వెడల్పు చోట కట్టకూడదు. ఇనుప రేకు అంచు ఉన్నచోట కొక్కేలు వాడాలి, మట్టి గట్టున మేకులు కొట్టాలి. మేకు తలకు తెల్లని గుడ్డ కడదాం, గట్టు మీద సైకిళ్ల వారికి అది కనబడాలి. మోకు ఎప్పుడూ నడక దారికి అడ్డంగా పోకూడదు. నది గట్టు అలా కాదు. అక్కడ నేల ఎక్కువగా ఎవరిదో ఒకరి సొంతం, ఎక్కడ పడితే అక్కడ కట్టే హక్కు మనకు లేదు. అందుకే రాత్రులు కాలువ మీదే పడుకుంటాం, నదిని పగటిపూట దాటేస్తాం. థేమ్స్ మీద ఆగవలసివస్తే లాకు దగ్గరి రేవులోనే, లాకు కీపర్‌కు చెప్పి, పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా పెట్టి కట్టాలి.

శుక్రవారం రాత్రి థ్రప్. శనివారం రాత్రి ఐసిస్ లాకుకు పైన, ఆక్స్‌ఫర్డ్ ఉత్తరపు శివార్లలో. అక్కడ కాపురముండే పడవలు బారులు తీరి ఉంటాయి, సందర్శకుల చోట్లు తక్కువ. రెండు పడవలకు 120 అడుగుల చోటు ఒక్కచోటే దొరకదనే అనుకోవాలి, కాబట్టి ఇద్దరు సేవకులు మధ్యాహ్నం మూడింటికే గట్టు వెంట సైకిళ్ల మీద ముందుకు వెళ్లి చూసివస్తారు. చోటు లేకపోతే వూల్వర్‌కోట్ వైపు సాగుతాం. ఉదయం ఎనిమిదింటికే బయలుదేరమనడం ఆ వెలుగు మిగుల్చుకోవడానికే.

పసుపు బోర్డు తీర్మానం ఆమోదించాం. నదికి వెళ్లలేకపోతే కాలువ మీదే ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి వెనుదిరుగుతాం. అక్కడ తిప్పుకునే చోట ఎంత పొడవు పడవ తిరుగుతుందో పడవవారిని అడిగి, అంతకు లోబడిన పడవలే కోశాధికారి గారు ఖాయం చేస్తారు. తిరిగే చోటు తక్కువైతే ఒక్కో పడవలో ఇద్దరిని తగ్గించి చిన్న పడవలు తీసుకుంటాం, పెద్దలను మాత్రం తగ్గించం. సోమవారం ఉదయం పడవలు అప్పగించడానికి ఇద్దరు కావాలి, నేను ఒకణ్ణి, ఇంకొకరు సెలవు చూసుకొని చెప్పండి. పేరు, బరువు, ఈత వచ్చో రాదో, మోకాళ్ల నొప్పులు ఉన్నాయో లేవో వచ్చే ఆదివారంలోగా భద్రతా బాధ్యుడు గారికి పంపండి. పడవ మెట్లు నిటారుగా ఉంటాయి, మంచాలు ఇరుకు, కనుక చివరి ప్రశ్నకు పెద్దల తరఫున మీరు జవాబు రాయకండి, వారినే అడిగి రాయండి.