మెర్క్స్ సైకిలు నకలు: తొక్కేలా ఉండాలా, రూపం కుదిరితే చాలా?

గుంటూరు_శిల్పం:
అన్నలందరికీ నమస్తే. 1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఎర్నెస్టో కొల్నాగో కట్టిన ఆ నారింజ రంగు సైకిలుకు నకలు నా చేత్తో చేస్తున్నాను. శిల్పకళ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. రూపం కుదిరితే చాలంటారు మా సారు. తొక్కలేనిది సైకిలెలా అవుతుందంటారు ఫ్రెండ్స్. మీరేమంటారు?

ఆటోనగర్_లేతు:
మీ సారు చెప్పిందే కరెక్టు తమ్ముడూ. ఆ బండి ఆరు కిలోలు కూడా ఉండదు. బరువు తగ్గించడానికి చైనుకు, హ్యాండిల్‌కు కూడా చిల్లులు వేశారు. నున్నటి ట్రాక్ మీద, ఒక్క గంట కోసం, ఒక్క మనిషి కోసం కట్టిన బండి అది. బ్రేకుల్లేవు, ఫ్రీవీల్ లేదు, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. విజయవాడ బెంజ్ సర్కిల్లో ఎవరు తొక్కుతారు? భయం లేకుండా ఎక్కాలంటే గొట్టాల మందం పెంచాలి, చిల్లులు మానేయాలి. అప్పుడది మెర్క్స్ సైకిలు కాదు. తెనాలిలో ఇనుప తుక్కుతో అంతంత విగ్రహాలు చేస్తున్నారు, వాటిని నడవమని ఎవరూ అడగట్లేదు కదా.

కృష్ణాతీరం:
బాబాయ్, విగ్రహం మనిషికి బొమ్మ. చేత్తో కట్టిన సైకిలు సైకిలే. రేసింగ్ ఫ్రేములో అందం కోసం పెట్టిన గీత దాదాపు ఉండదు. రేసింగ్ ఫ్రేములకు వాడే కొలంబస్ ఎస్‌ఎల్ గొట్టం చివర్లలో 0.9 మిల్లీమీటర్లు, మధ్యలో 0.6. అతుకు దగ్గరే వేడి, ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ మందం ఉంచారు. బయటికి ఇదేమీ కనిపించదు. కనిపించేదే చేస్తానంటే అసలు పనితనాన్ని వదిలేసినట్టే.

తమ్ముడూ, పాత హెర్క్యులెస్ కోసి దాని లగ్గులు (గొట్టాలను కలిపే తొడుగులు) వాడమని ఎవరైనా చెబితే వినకు. మన రోడ్డు సైకిళ్ల హెడ్ కోణం (హ్యాండిల్ కింది గొట్టం వాలు) 68 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది, రేసింగ్ ఫ్రేముకు 73, 74 కావాలి. ఇత్తడితో అతకాలంటే 900 డిగ్రీల దాకా వేడి చేయాలి, వెండి కలిసిన పుల్లకు 700 లోపు చాలు. పల్చటి గొట్టానికి వెండి పుల్లే మంచిది. వేడి సమంగా తగిలితే కరిగిన లోహం లగ్గు సందులోకి దానంతట అదే పాకుతుంది. ముందు తుక్కు గొట్టాల మీద అతుకులు వేసి, నిలువునా కోసి చూడు. లోపల ఖాళీ కనిపిస్తే మళ్లీ వెయ్యి. పుట్టీ పెట్టి రంగు కొడితే ఫొటోలో మంచి అతుకూ చెడ్డ అతుకూ ఒక్కలాగే ఉంటాయి. మనిషి బరువు పడ్డాకే ఏది ఏదో తెలిసేది.

ఆటోనగర్_లేతు:
అతుకుల మాట ఒప్పుకుంటాను. కానీ 1993లో స్కాట్లాండ్ రేసర్ గ్రేమ్ ఓబ్రీ సంగతి గుర్తు చేసుకో. తను సొంతంగా కట్టుకున్న సైకిలుకు చేసిన నకలు మీద జూలై 16న నార్వేలో ఇదే గంట రికార్డుకు ప్రయత్నించి ఓడిపోయాడు. మర్నాడు తన పాత బండెక్కి 51.596 కిలోమీటర్లు తొక్కాడు. ఎంత జాగ్రత్తగా చేసినా నకలు నకలే.

కృష్ణాతీరం:
ఆ తేడా బయటపడింది దాన్ని తొక్కాడు కాబట్టే బాబాయ్! గోడకు తగిలించి ఉంటే రెండూ ఒకటేనని అందరం అనుకునేవాళ్లం.

గుంటూరు_శిల్పం:
రోడ్డు మీదికి తీసుకెళ్లను. ప్రదర్శనలో చక్రాలు ఉన్నచోటే తిరిగేలా రోలర్ల మీద పెట్టి తొక్కిస్తే?

ఆటోనగర్_లేతు:
రోలర్లయితే సరే. తొక్కేటప్పుడు మాత్రం చిల్లుల చైను తీసి మామూలు ట్రాక్ చైను వెయ్యి, చిల్లులది పక్కన బల్ల మీద పెట్టు. ఫోర్కు అతుకు నాకు చూపించకుండా ఎవరినీ ఎక్కించకు. కొల్నాగో స్టిక్కర్ కూడా వద్దు. ఫ్రేము కట్టేది నువ్వు, నీ పేరే రాసుకో.