పది అయ్యాక మెకానిక్ కావాలంటే ఐటీఐనా, షెడ్డా?

గన్నవరం అన్న: మా తమ్ముడు పది పాసయ్యాడు. ఇంటర్ వద్దు, కార్ల మెకానిక్ అవుతానంటున్నాడు. అమ్మేమో ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో వేయమంటోంది. బాబాయి మాత్రం "రెండేళ్లు బెంచీ మీద కూర్చుంటే ఏమొస్తుందిరా, విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గర పెట్టు" అంటాడు. మీరేమంటారు?

పాత పానా: నా ఓటు మీ బాబాయికే. పదహారేళ్లకే షెడ్డెక్కాను. మొదటి ఆరు నెలలు టీలు తేవడం, డీజిల్‌లో సామాన్లు కడగడం, అంతే. కానీ కడుగుతూనే ఏ బోల్టు ఎక్కడిదో తెలిసిపోయింది. మా మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, టాపెట్ (ఇంజిన్ వాల్వుల్ని కదిపే ముక్క) సౌండో బేరింగ్ సౌండో చెప్పేసేవాడు. ఏ పుస్తకంలో ఉందది? మొన్నొక ఐటీఐ కుర్రాడొచ్చాడు, వీల్ నట్లు ఎదురెదురువి బిగించాలని కూడా తెలీదు.

మల్టీమీటర్: అన్నా, ఒక్కణ్ణి చూసి అందర్నీ అనేస్తే ఎలా? 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ రూల్స్ వచ్చాక చాలా బైకుల్లోనూ కార్బ్యురేటర్ పోయి, సెన్సర్లతో పెట్రోల్ కొట్టే ఇంజెక్షన్ వచ్చింది. పోయిన నెల నా బండి స్టార్ట్ కాలేదు. మా వీధి మెకానిక్ ప్లగ్గు మార్చాడు, తర్వాత పెట్రోల్ పంపు పోయిందన్నాడు. రెండు వేలు వదిలాయి. తీరా చూస్తే సైడ్ స్టాండ్ స్విచ్‌లో బురద! స్టాండ్ తీసినా వేసే ఉందనుకుంటోంది బండి. వైరింగ్ డయాగ్రమ్ చదవడం వచ్చుంటే పది నిమిషాల పని.

పాత పానా: బురద కడగడానికి డయాగ్రమ్ ఎందుకు తమ్ముడూ :)

షెడ్డు వాడి తమ్ముడు: జీతం సంగతి ఎవరూ ఎత్తరేం? మా అన్నకి మూడేళ్లు చేతిఖర్చులే ఇచ్చారు. పైగా ఒట్టి జాకీ మీదున్న కారు కింద దూరమనేవారు.

సర్వీస్ బే 4: హైదరాబాద్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేస్తున్నాను. మా దగ్గర సర్టిఫికెట్ లేకపోతే ఇంటర్వ్యూకే పిలవరు. అలాగని సర్టిఫికెట్‌తోనే పని రాదు. బండి కంప్యూటర్‌లో తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0301 వచ్చిందనుకోండి, ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోల్ సరిగా మండట్లేదని అర్థం. తప్పు ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్‌దా, ప్లగ్గుదా, ఇంజెక్టర్‌దా, వాల్వుదా అన్నది స్కానర్ చెప్పదు. తెలిసినవాడు ఒకటో కాయిల్ తీసి రెండోదాంట్లో వేసి, రెండో కాయిల్ ఇటు వేస్తాడు. కోడ్ పీ0302 అయితే, అంటే తప్పు కాయిల్‌తోపాటే రెండో సిలిండర్‌కి వెళ్తే, దొంగ దొరికినట్టే. తెలియనివాడు కస్టమర్‌తో కొత్త కాయిల్ కొనిపిస్తాడు. నాకిది నేర్పింది ఐటీఐ కాదు, అప్రెంటిస్‌షిప్‌లో ఒక సీనియర్. అందుకే కాలేజీలో చేరేముందు అడగాల్సింది ఒకటే: మీ పాత విద్యార్థులు అప్రెంటిస్‌గా ఎక్కడికి వెళ్లారు? ఆర్టీసీ కూడా ఐటీఐ వాళ్లని తీసుకుని స్టైపెండ్ ఇస్తుంది.

మల్టీమీటర్: ఎలక్ట్రిక్ కార్లలో టాపెట్లే ఉండవు. ఆ నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లు పట్టుకుని చూసి నేర్చుకుంటానంటే మనిషే మిగలడు.

పాత పానా: అది మాత్రం ఒప్పుకుంటా. మొన్న ఒకటి షెడ్డుకొస్తే బానెట్ మూసి పంపించేశాను.

గన్నవరం అన్న: అన్నీ వాడికి చదివి వినిపించాను. డీజిల్ మెకానిక్ అయితే ఏడాదే కదా అంటున్నాడు. కార్లే కావాలంటే రెండేళ్లదే చేయమన్నాను. బాబాయి ఇంకా అలకలోనే ఉన్నాడు.

పాత పానా: సెలవుల్లో నా దగ్గరికి పంపు. టీలు నేనే తెప్పిస్తాను. సామాన్లు మాత్రం వాడే కడగాలి.