పాత ఇటుక గోడల్లో సిమెంట్ తీసేసి మళ్లీ సున్నం పెట్టించిన వాళ్లెవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో మేముండే ఊళ్లో పేద వృద్ధుల కోసం ఎప్పుడో కట్టిన ఆమ్స్‌హౌస్‌ల వరస ఒకటుంది, అందులో ఉండే ఒక పెద్దావిడకి నేను వారానికోసారి సరుకులు తెచ్చిపెడుతుంటాను. ఆవిడ పడకగది గోడంతా చెమ్మే. బయట చూస్తే ఇటుకల ముఖాలు పెచ్చులుగా ఊడిపోతున్నాయి, సందుల్లో మాత్రం సిమెంట్ చెక్కుచెదరకుండా ఉంది. పాత మెత్తటి ఇటుకకి సున్నమైతే తేమని బయటికి పోనిస్తుంది, సిమెంట్ లోపలే ఆపేస్తుంది, చలికాలంలో ఆ నీళ్లు గడ్డకట్టి ఇటుకనే పగలగొడతాయి, ఇంతవరకు నాకు అర్థమైంది.

పోయినేడాది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని యూవెల్మ్ ఊళ్లో ఉన్న ఆమ్స్‌హౌస్ చూశాను. 1437లో 13 మంది పేదల కోసం స్థాపించింది, చిన్న వాకిలి చుట్టూ ఇటుక, కలపతో ఇళ్లు. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు! అది చూశాక ఇక్కడి గోడల్ని చూస్తుంటే నిజంగా బాధేస్తోంది.

మా ఊళ్లోది లిస్టెడ్ భవనం (అంటే పాత కట్టడమని చట్టం కాపాడేది), కౌన్సిల్ అనుమతి సంగతి దాన్ని నడిపే ట్రస్టీలు చూసుకుంటామన్నారు. నా ప్రశ్నలు ఇవి: ఇటుక అంచులు విరక్కుండా సిమెంట్ తీయాలంటే ఉలితో చేత్తోనే చెక్కాలా, మిషన్ వాడొచ్చా? వాన కొట్టే వైపు గోడ ఒక్కటే ముందు చేయిస్తే సరిపోతుందా? చలి మొదలయ్యేలోపు సున్నం గట్టిపడాలంటే పని ఏ నెలలో పెట్టుకోవాలి? స్వయంగా చేయించిన వాళ్లు చెప్తే ట్రస్టీలకి అదే చెప్తాను.