అప్‌డేట్: తిత్లీ తర్వాత ఊరికి ఏం పంపామంటే

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు మా పిన్ని వాళ్ల ఊరికి హైదరాబాద్ నుంచి ఏం పంపాలని అప్పుడు అడిగాను. బట్టలు మాత్రం వద్దు, ముందు ఊళ్లో వాళ్లని కనుక్కో అన్నారు మీలో చాలామంది. అప్పటికే కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు నాలుగు మూటల చీరలు పోగేశారు, అది వేరే తలనొప్పి.

మూడో రోజుకి గానీ ఫోన్ కలవలేదు. "బట్టలేటి సేసుకుంతాంరా, నీళ్లు లేవు" అంది పిన్ని. బోరు ఉంది, కరెంటు లేదు. అందుకే టార్పాలిన్లు, కొవ్వొత్తులు, దోమల చక్రాలు, చెట్లు కోసే మెషీన్లు రెండు పంపాం. బోరు నడపడానికి జనరేటర్ అక్కడే అద్దెకు దొరికింది.

వారం తర్వాత నేనూ వెళ్లాను. ఆ తీర ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి. ఆ తోటల్లో చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. అధికారులొచ్చే దాకా ఆగకుండా కుర్రాళ్లే రోడ్డు మీది మానులు కోశారు. జనరేటర్‌ని బండి మీద పెట్టుకుని ఇంటింటికీ తిప్పుతూ ట్యాంకులు నింపారు. జాలర్లు మాత్రం ఇసుకలో కూరుకుపోయిన వలలు విప్పుకుంటూ కూర్చున్నారు, ఒక్కో ముడీ చేత్తోనే.

బాబాయి అయితే పడిన చెట్లను లెక్కపెట్టనివ్వలేదు. కొత్త మొక్కలకి గుంతలు తవ్విస్తున్నాడు.

చీరల మూటలు ఇంకా మా బాల్కనీలోనే ఉన్నాయి.