గింజకు వెలుతురు కావాలా అని పిల్లాడు అడిగితే జవాబు చెప్పాలా, తిరిగి వాణ్ణే అడగాలా?

పెన్సిల్ చెక్కు:
నేను మూడో తరగతికి సైన్సు చెబుతాను. పోయిన వారం మొక్కల పాఠంలో "మొక్కకు కావలసినవి: నీరు, గాలి, వెలుతురు" అని బోర్డు మీద రాశాను. ఒక పిల్లాడు లేచి, "టీచర్, గింజ మట్టి లోపల కదా ఉంటుంది, అక్కడంతా చీకటే కదా, మరి వెలుతురు లేకుండా ఎలా మొలుస్తుంది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగాను. అంతే, తరగతి రెండు పార్టీలయింది. సరే చూద్దామని రెండు గ్లాసుల్లో తడి దూది పెట్టి, చిక్కుడు గింజలు వేసి, ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో ఉంచాం. రోజూ పది నిమిషాలు వాటి గురించే మాటలు. ఈలోగా పక్క సెక్షన్‌లో రెండు పాఠాలు అయిపోయాయి. మా హెడ్మిస్ట్రెస్ గారు పిలిచి, "ఒక్క వాక్యంలో తేలిపోయే దానికి వారం రోజులా?" అన్నారు. నేను చేసింది తప్పంటారా?

నల్లబల్ల:
తప్పు అనను, దండగ అంటాను. 31 ఏళ్ళు చిన్న తరగతులకే చెప్పి రిటైరయ్యాను. ఆ పిల్లాడు మంచి ప్రశ్న అడిగాడు. మంచి ప్రశ్నకు మంచి జవాబు ఇవ్వడమే మర్యాద. నానిన గింజను రెండు బద్దలుగా విప్పి చూపించి, "ఇదిగో, మొలక తన తిండి తనతోనే తెచ్చుకుంటుంది. ఆకులు విచ్చేదాకా ఇది సరిపోతుంది. ఆ తర్వాత వెలుతురు కావాలి" అంటే రెండు నిమిషాల పని. పిల్లాడికి తృప్తి, మీకు పాఠం పూర్తి.

ఎందుకెందుకు:
నేను టీచర్లకు ట్రైనింగ్ ఇస్తుంటాను. నల్లబల్ల గారు రెండు నిమిషాల్లో పిల్లాడికి తృప్తి అన్నారు. నిజమే, ఆ తృప్తితోనే ఆలోచన ఆగిపోతుంది. రెండు పార్టీలయిన తరగతిలో ఎవరేమన్నారో, ఎందుకన్నారో ఆ టీచరు విన్నారు. బద్దలు విప్పి చూపిస్తే వినేవారా? ఇంకో మాట. మీ వాక్యం మొలకకు సరే, కానీ అన్ని గింజలకూ చీకటి సరిపడదు. లెట్యూస్ అనే ఆకుకూర లాంటి సన్న విత్తనాల్లో చాలా రకాలు వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి.

నల్లబల్ల:
మూడో తరగతికి లెట్యూస్ దేనికండీ? అడిగింది చిక్కుడు గింజ గురించి.

సుద్దముక్క:
చదువుతున్నా. ఇద్దరూ కానివ్వండి.

ఎందుకెందుకు:
అసలు మన తరగతుల్లో ఆలోచించడానికి టైమే ఇవ్వం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు పాఠాలను టేపుల్లో రికార్డు చేయించి విన్నారు. టీచరు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదట. జవాబు రాకపోతే ఇంకొకరిని లేపడమో, తామే చెప్పేయడమో. అదే 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎక్కువ మంది నోరు విప్పారు, "తెలీదు" అనడం తగ్గింది. పిల్లాడు జవాబు చెప్పాక కూడా వెంటనే "వెరీ గుడ్" అనకుండా అంతసేపు ఆగాలంటారు ఆవిడ. పెన్సిల్ చెక్కు గారు చేసింది ఇలాంటి పనే, కాస్త పెద్ద ఎత్తున.

నల్లబల్ల:
3 సెకన్లు! 42 మంది ఉన్న గదిలో ఒక్కసారి ఆగి చూడండి. మొదటి సెకనులో ఎవరో పెన్సిల్ కింద పడేస్తారు, రెండో సెకనులో ఒకడు పక్కవాణ్ణి గిల్లుతాడు, మూడో దానికి సంత.

లెక్కల పుస్తకం:
పీరియడ్‌కి 40 ప్రశ్నలు అడుగుతారనుకుందాం. ఒక్కోదానికి అదనంగా 2 సెకన్లు. మొత్తం 80 సెకన్లు. నిమిషంన్నర కూడా కాదు. దీనికి ఇంత రాద్ధాంతమా?

నల్లబల్ల:
సెకన్లను కూడికలు చేసేవాళ్ళు ఒకసారి పిల్లల ముందు నిలబడి కూడాలి.

సుద్దముక్క:
ఇవాళ ప్రయత్నించాను. మనసులో ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెట్టాను. రెండు దగ్గరే నా నోరు తెరుచుకుంది. ఆ మూడో సెకను టెన్షన్ పగవాడిక్కూడా వద్దు.

నల్లబల్ల:
చూశారా!

ఎందుకెందుకు:
ఏం చూడాలి? టెన్షన్ పడింది టీచరు, పిల్లలు కాదు.

నల్లబల్ల:
సెకన్ల గొడవ వదిలేయండి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు కనిపెడతారనే నమ్మకం గురించి మాట్లాడదాం. మా బడికి ఉత్సాహవంతుడైన కొత్త టీచరొకరు వచ్చారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గ్లాసు బోర్లించారు. కొవ్వొత్తి ఆరింది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కాయి. "ఎందుకో మీరే చెప్పండి" అన్నారు. పిల్లలు చర్చించి, చర్చించి, "ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి" అని తేల్చారు. ఆయన చప్పట్లు కొట్టించారు. అది తప్పు! ఆక్సిజన్ పోయిన చోట కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. పైగా ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది. నీళ్ళు ఎక్కడానికి ముఖ్య కారణం, వేడికి వ్యాకోచించిన గాలి మంట ఆరగానే చల్లబడి కుంచించుకుపోవడం. అందుకే మంట ఉన్నంతసేపూ పెద్దగా కదలని నీళ్ళు, ఆరే సమయానికి ఒక్కసారిగా ఎక్కుతాయి. కళ్ళ ముందు జరిగిందే, ఎవరూ గమనించలేదు. నేను చెబితే మర్చిపోయేవారేమో. వాళ్ళే కనిపెట్టారు కాబట్టి ఆ తప్పు వాళ్ళతో పదో తరగతి దాకా వెళ్ళింది.

ఎందుకెందుకు:
మీ కథలో లోపం ఆయన అడగడంలో లేదు, ఆగిపోవడంలో ఉంది. "నీళ్ళు ఎప్పుడు ఎక్కాయి?" అని ఇంకొక్క ప్రశ్న వేస్తే చాలు. రెండు కొవ్వొత్తులు పెట్టి చూడమన్నా చాలు. ఆక్సిజన్ లెక్కే నిజమైతే రెండుసార్లూ నీళ్ళు ఒకే ఎత్తుకు రావాలి. కొవ్వొత్తులు పెరిగితే గాలి ఎక్కువ వేడెక్కి, నీళ్ళు ఇంకా పైకి వస్తాయి.

నల్లబల్ల:
ఆ ప్రశ్న వేయాలని ఆయనకు తెలిస్తే కదా!

(ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.)

ఇక పరిశోధనలంటారా, క్లార్, నిగమ్ 2004లో మూడు, నాలుగు తరగతుల పిల్లల మీదే చేశారు. ఏటవాలు బల్లల మీద బంతులు దొర్లించి, ఏది ఎందుకు ఎక్కువ దూరం పోతోందో తేల్చాలి. ఒక్కసారికి ఒక్క సంగతే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి అనే పద్ధతి నేర్పడం ఉద్దేశం. ఉదాహరణలతో విడమరిచి చెప్పిన గుంపులో నాలుగింట మూడొంతుల మంది పట్టుకున్నారు. సొంతంగా కనిపెట్టమన్న గుంపులో సుమారు నాలుగో వంతు. మీ పెన్సిల్ చెక్కు గారి పిల్లలు కూడా బీరువాలో గాలి తక్కువనో, కిటికీలో వేడి ఎక్కువనో అడగలేదు చూడండి.

పెన్సిల్ చెక్కు:
వేడి సంగతి ఒకమ్మాయి అడిగిందండీ. నాకే ఏం చెప్పాలో తోచక తర్వాత చూద్దామన్నాను.

ఎందుకెందుకు:
ఆ పరిశోధన నేనూ చదివాను. సొంతంగా పట్టుకున్న ఆ కొద్దిమంది, ఆ తర్వాతి పరీక్షలో మిగతావాళ్ళకు ఏమీ తీసిపోలేదు. ఇంకోవైపుది కూడా చెప్పండి. 2011లో బోనావిట్జ్ బృందం నాలుగైదేళ్ళ పిల్లలకు నాలుగు రకాలుగా పనిచేసే బొమ్మ ఇచ్చింది. ఒక గుంపుకు "ఇదిగో, ఇలా లాగితే కీచుమంటుంది" అని నేర్పినట్టు చూపించారు. వాళ్ళు దాన్నే లాగుతూ కూర్చున్నారు. నేర్పకుండా వదిలేసిన పిల్లలు మిగతావి కూడా వెతికి పట్టుకున్నారు. పెద్దవాళ్ళు చూపించారంటే ఇంకేమీ లేదని పిల్లలు అనుకుంటారు.

నల్లబల్ల:
తీసివేతలో అప్పు తెచ్చుకోవడం బొమ్మ కాదు, లాగితే కీచుమనదు.

ఎందుకెందుకు:
మీలాంటి మాస్టార్ల వల్లే మాకు ఈ గతి! చెబుతాను వినండి. నాలుగో తరగతిలో "సున్నాతో ఎందుకు భాగించకూడదు?" అని అడిగాను. "అతితెలివి వద్దు" అని పీరియడ్ అంతా నిలబెట్టారు. మళ్ళీ తరగతిలో చెయ్యి ఎత్తింది డిగ్రీలో. పన్నెండేళ్ళు! ఆ పన్నెండేళ్ళకు ఏ సిలబస్ జవాబు చెబుతుంది?

నల్లబల్ల:
ఆ మాస్టారు నేను కాదు. ఆయన చెయ్యకపోయింది జవాబు చెప్పడమే. "12లో నుంచి 3 ఎన్నిసార్లు తీయొచ్చు? నాలుగు. మరి సున్నా ఎన్నిసార్లు తీయొచ్చు? తీస్తూనే ఉండు, అయిపోదు" అంటే మీరు కూర్చునేవారు. మీ కోపం పడాల్సింది జవాబు ఇవ్వనివాళ్ళ మీద. నేను ఇవ్వమంటున్నాను కదా!

మూడో బెంచీ:
నేను టీచరుని కాదు, తల్లిని. మా అమ్మాయిది అంతా "పిల్లలే కనుక్కుంటారు" అనే బడి. నలుగురేసి గుంపులు, చార్టులు. ఇద్దరు మాట్లాడేవారు, ఒకడు రాసేవాడు, మా అమ్మాయి చార్టు అంచులకు రంగులు వేసేది. మూడేళ్ళు అంచులకు రంగులే వేసింది. మీటింగ్‌కి వెళ్తే "చాలా కోఆపరేటివ్" అన్నారు. ఐదో తరగతికి వచ్చేసరికి తీసివేతలు రావు. కూర్చోబెట్టి నేర్పింది నేను, దగ్గరుండి, చెప్పి చెప్పి.

నల్లబల్ల:
ఇదే నేను మొత్తుకుంటున్నది. గడగడా మాట్లాడే నలుగురిని చూసి తరగతి అంతా ఆలోచిస్తోందని మురిసిపోతారు.

ఎందుకెందుకు:
మూడో బెంచీ గారూ, మీ అమ్మాయి ఎందుకు మాట్లాడలేదో అడిగారా?

మూడో బెంచీ:
అడిగాను. "నాకు తట్టేలోపు వాళ్ళు చెప్పేస్తారు" అంది.

ఎందుకెందుకు:
3 సెకన్లు! రో అదే చెప్పారు. బాగా చదువుతారనుకున్న పిల్లలకు టీచర్లు తెలియకుండానే ఎక్కువసేపు ఆగుతారు, వెనకబడ్డారనుకున్నవాళ్ళకు తక్కువసేపు.

నల్లబల్ల:
ఆ పాపకు కావలసింది సెకన్లా? ఎవరైనా పక్కన కూర్చుని చెప్పడం. తల్లి చేసింది అదే.

మూడో బెంచీ:
నా కూతుర్ని చెరో చెయ్యీ పట్టుకుని లాగకండి. మీ ఇద్దరిలో ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు.

గాలిపటం:
అబ్బ!

నిర్వాహకులు:
ఒకరి వృత్తి గురించి, మరొకరి వయసు గురించి రాసిన రెండు పోస్టులు తీసేశాం. విషయం మీదే ఉండండి.

పెన్సిల్ చెక్కు:
ఇంతదూరం వచ్చాక దాచడం బాగుండదు. ఆ రోజు నాకు జవాబు తెలీదు. గింజకు వెలుతురు అక్కర్లేదేమో అనిపించింది కానీ, నేనే బోర్డు మీద వెలుతురు అని రాశానాయె. పిల్లల ముందు తెలీదనడానికి నోరు రాలేదు. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నది అందుకు. ట్రైనింగ్‌లో నేర్పిన మాట సమయానికి ఆదుకుంది. గ్లాసుల ఆలోచన ఆ తర్వాత వచ్చింది.

నల్లబల్ల:
అమ్మా, ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. మళ్ళీ వస్తానన్నది దీనికే. పిల్లలు ఆలోచించడం నాకు ఇష్టం లేదని ఎందుకెందుకు గారు అనుకుంటున్నారు. నా భయం టీచర్ల గురించి. "నువ్వే ఆలోచించు" అనేది పాఠం చదవకుండా తరగతికి వెళ్ళడానికి గొడుగయిపోయింది. నాకు తెలియనివి ఎన్నో ఉండేవి. ఇంటికెళ్ళి చదివి, మర్నాడు చెప్పేవాణ్ణి. 31 ఏళ్ళలో ఒక్కసారి కూడా పిల్లల ముందు "నాకు తెలీదు" అనలేదు.

ఎందుకెందుకు:
ఒక్కసారి కూడా? మరి ఆ రోజుకు ఏమని తప్పించుకునేవారు?

నల్లబల్ల:
"అది రేపటి పాఠం" అనేవాణ్ణి.

ఎందుకెందుకు:
మా మాస్టారిది "అతితెలివి వద్దు", మీది "రేపటి పాఠం". మీది చాలా నయం, ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. తిరిగి ప్రశ్న వేయాలంటే జవాబు చెప్పడానికి కావలసినదానికంటే ఎక్కువ తెలిసి ఉండాలి. పిల్లలు ఎటు జారతారో ముందే తెలియాలి. మా రెండ్రోజుల ట్రైనింగుల్లో ఆ మాట చెప్పం, ప్రశ్నల పట్టిక ఇచ్చి పంపుతాం. కానీ "నాకు తెలీదు, చూద్దాం" అని టీచరు నోటితో ఒక్కసారైనా వినని పిల్లలకు తెలియకపోవడం సిగ్గుపడే సంగతి అవుతుంది. పెన్సిల్ చెక్కు గారికి నోరు రాకపోవడం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు?

నల్లబల్ల:
టీచరుకే తెలియదంటే తొమ్మిదేళ్ళ పిల్లలు ఎవరిని నమ్ముకుంటారు? ఈ ఒక్కదానికి నేను రాజీపడను.

ఎందుకెందుకు:
నేనూ పడను.

సుద్దముక్క:
ఇంతకీ గింజలు ఏమయ్యాయి?

పెన్సిల్ చెక్కు:
రెండు గ్లాసుల్లోనూ మొలిచాయి. బీరువాలోవి కిటికీలోవాటికంటే పొడుగ్గా సాగాయి, పాలిపోయి, సన్నగా. ఆ పిల్లాడే మళ్ళీ, "చీకట్లోనే ఎక్కువ ఎదిగాయి కదా టీచర్, మరి వెలుతురు ఎందుకు?" అన్నాడు. ఈసారి రాత్రి చదువుకుని వెళ్ళాను. "అది ఎదగడం కాదు, వెలుతురు కోసం మెడ చాచడం. గింజలో దాచుకున్నదంతా పొడవుకే ఖర్చుపెట్టేసింది" అని చెప్పాను.

ఎందుకెందుకు:
అయ్యో, చెప్పేశారా!

నల్లబల్ల:
చక్కగా చెప్పారమ్మా. ఆ పాలిపోయిన వాటిని ఇప్పుడు కిటికీలో పెడితే పచ్చబడతాయా అని ఎవరూ అడగలేదా?

పెన్సిల్ చెక్కు:
అడిగారు. పెట్టాం. మా హెడ్మిస్ట్రెస్ గారికి ఇంకా తెలీదు.