ఫేజు తీగ 70 అయితే ఎర్త్ తీగ 25 సరిపోతుందా?

ప్యానెల్ నిర్వాహకుడు:
మోటార్ల ప్యానెల్‌కు 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తున్నాము. ఎర్త్ తీగ కూడా రాగిదే. పీవీసీ తొడుగుతో విడిగా వస్తుంది. ప్రమాణంలోని పట్టిక ప్రకారం 35 ఉండాలి, కానీ కాంట్రాక్టరు 25 చాలునని లెక్క చూపిస్తున్నారు. ప్యానెల్ దగ్గర ఎర్త్ ఫాల్ట్ కరెంటు (ఫేజు ఎర్త్‌కు తగిలితే పారే కరెంటు) 6,000 ఆంపియర్లు, పైనున్న బ్రేకర్ 0.3 సెకన్లలో ట్రిప్ అవుతుంది. పట్టిక కన్నా తక్కువ వేసినవారు ఎవరైనా ఉంటే అనుభవం చెప్పగలరు.

డిజైన్ ఇంజినీరు:
విద్యుత్ అమరికల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లోని 5-54 భాగం రెండు దారులనూ ఒప్పుకుంటుందండీ. పట్టిక దారిలో, రెండు తీగలదీ ఒకే లోహమైతే, ఫేజు 16 వరకు ఎర్త్ కూడా అంతే, 16 దాటి 35 వరకు 16, ఆపైన ఫేజులో సగం. లెక్క దారిలో కరెంటు వర్గాన్ని కాలంతో గుణించి, వర్గమూలం తీసి, దాన్ని కె అనే గుణకంతో (తీగ లోహం, తొడుగు, ఉష్ణోగ్రతలను బట్టి ఉండే అంకె) భాగించాలి. మీ అంకెలకు వర్గమూలం 3,286 వస్తుంది. కె 143 అయితే ఫలితం 23, కాబట్టి 25 నిలుస్తుంది.

అయితే 143 ఎక్కడిదో మీ కాంట్రాక్టరును అడగండి. తీగ ఏ కేబుల్‌తోనూ కలవకుండా, 30 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్నప్పుడే ఆ విలువ వర్తిస్తుంది. అదే తీగను లోడు మోస్తున్న కేబుళ్లతో కలిపి ట్రేలో కట్టేస్తే, ఫాల్ట్ రాకముందే అది 70 డిగ్రీలకు చేరి ఉండవచ్చు. పీవీసీ తట్టుకోగల 160కి మిగిలే తేడా తగ్గిపోతుంది. అప్పుడు కె 115, ఫలితం 28.6, అంటే వేయవలసింది ఆ పై సైజైన 35. తీగ మారలేదు, కరెంటు మారలేదు. కట్టిన తీరు ఒక్కటే మారింది.

టెస్టింగ్ టెక్నీషియన్:
ఆ 0.3 సెకన్ల మాట కూడా కాగితం మీదే ఉండిపోకూడదు. నేను తనిఖీ చేసిన ఒకచోట, కింది బ్రేకరు ముందుగా ట్రిప్ కావాలని ఎవరో పై బ్రేకరు డిలేను 0.5కు తిప్పారు, ఎర్త్ తీగ గురించి ఎవరూ ఆలోచించలేదు. మీ అంకెలకే 0.5 పెట్టి చూడండి: 143తో కూడా 29.7 వస్తుంది, 25 చాలదు. అందుకే ఈ లెక్క మీద ఆధారపడి తీగ తగ్గించిన ప్రతిచోటా, ఆ సెట్టింగును బ్రేకరు పక్కనే రాసి అతికించాలని పట్టుబడతాను.

ఫీడర్ల పనిలో ఉన్నవాడు:
ఫ్యూజు ఉన్న పొడవాటి ఫీడరులో మొదటి చివర లెక్క చూసి ఆగిపోవద్దని నా మనవి. దూరపు చివర కరెంటు సగానికి పడిపోయినా, ఫ్యూజు తెగే కాలం నాలుగు రెట్లకు మించి పెరిగితే, తీగలో పుట్టే వేడి ఎక్కువే అవుతుంది. రెండు చివరలా లెక్క చూసి, పెద్దదాన్ని తీసుకోవాలి. ఆ చివర లూప్ ఇంపిడెన్సు (ఫాల్ట్ కరెంటు వెళ్లి తిరిగొచ్చే దారి మొత్తం చూపే అడ్డు) కూడా కొలవాలి. ఎర్త్ తీగ సన్నమైతే అది పెరిగి, ఫ్యూజు ఇంకా ఆలస్యంగా తెగుతుంది.

ప్యానెల్ నిర్వాహకుడు:
అందరికీ ధన్యవాదాలు. మా తీగ కేబుళ్లతో పాటు ట్రేలోనే వెళుతుంది కాబట్టి 35 వేయమని చెప్పాను. అల్యూమినియం వేస్తే ఖర్చు తగ్గుతుందని ఇప్పుడు అడుగుతున్నారు.

డిజైన్ ఇంజినీరు:
వేయవచ్చు, కానీ అదే 35 కాదు. కట్టలో అల్యూమినియానికి కె 76 మాత్రమే. 3,286ను దానితో భాగిస్తే 43 వస్తుంది కనుక 50 వేయాలి. తీగ చివర బిగించే లగ్ కూడా రాగి బస్‌బారుకు సరిపడే బైమెటల్ (రెండు లోహాల) రకమే కావాలి.

టెస్టింగ్ టెక్నీషియన్:
లగ్ కింద పెయింటు గీకించండి. ఒకసారి నేను విప్పిన బోల్టు కింద పెయింటు చెక్కుచెదరకుండా ఉంది, ఒక అంచున మాత్రం నల్లటి కాలిన చుక్క కనిపించింది. తీగ సైజు పట్టిక ప్రకారమే ఉన్నా, కరెంటంతా ఆ చుక్క గుండానే పోయింది.